కట్టేసినవాడిదే పూచీ



1977వ సంవత్సరం, మే నెల. ఐదో తేదీ రాత్రి గడిచి ఆరో తేదీ తెల్లవారుజాము. టైము మూడున్నర. కోయిలకుంట్ల సబ్ జైల్లోకి కొందరు జొరబడ్డారు. ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. ఆ గదిలో ఒక తండ్రీ, ఆయన కొడుకూ ఉన్నారు. అవుకు పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఒక కేసులో ఇద్దరినీ అరెస్టు చేసి, పది రోజుల కిందటే రిమాండుకు పంపారు. తండ్రికి తీవ్ర గాయాలయ్యాయి. కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. కొడుకు గాయాలతో బయటపడ్డారు. ఆ కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి. తర్వాతి కాలంలో ఎమ్మెల్యే అయ్యారు కాబట్టి నంద్యాల, ఆళ్ళగడ్డ, బనగానపల్లె వైపు ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ.

నేను రాజకీయాలు మాట్లాడటానికి రాలేదు. బాంబులు వేసిందెవరు, ఎందుకు వేశారు, ఆ జోలికీ పోను. ఆ రాత్రి ఒక ప్రశ్న పుట్టింది. అది కోయిలకుంట్లలో పుట్టి, హైదరాబాదు హైకోర్టు దాకా పోయి, అక్కణ్ణుంచి ఢిల్లీ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఈ దేశంలో ఇప్పటికీ లాయర్లు ఆ కేసు పేరు ఎత్తుతూనే ఉంటారు. మన జిల్లా ఊళ్ళో పుట్టిన కేసు మీద ఇంత పెద్ద న్యాయచర్చ నడిచిందని మనకే సరిగ్గా తెలియదు.

ఆ ప్రశ్న ఇది. జైల్లో ఉన్న మనిషి ప్రాణానికి పూచీ ఎవరిది?

బాంబు వేసినవాడిది అని మీరు వెంటనే అంటారు. నిజమే. వాణ్ణి పట్టుకోవాలి, శిక్షించాలి. అందులో వాదన లేదు. కానీ నేను అడిగేది అది కాదు. ఆ గదికి తాళం వేసింది ఎవరు? తాళంచెవి ఎవరి జేబులో ఉంది? లోపల ఉన్నవాడు పారిపోలేడు. దాక్కోలేడు. పక్కింటివాళ్ళను కేకేయలేడు. అవన్నీ లేకుండా చేసింది ప్రభుత్వం. మరి పూచీ ఎవరిది?

ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. బందెలదొడ్డి మీకు తెలుసు. ఇప్పుడు చాలా ఊళ్ళలో పాడుబడిపోయింది గానీ, పెద్దవాళ్ళకు బాగా తెలుసు. ఒకాయన ఎనుము తాడు తెంపుకుని పక్కవాళ్ళ పప్పుశనగ చేన్లో పడింది. చేనుగలాయనకు ఒళ్ళు మండింది. ఎనుమును తోలుకొచ్చి బందెలదొడ్లో పెట్టించాడు. అది ఆయన హక్కు. మర్నాడు ఎనుము సొంతదారు బందె డబ్బు చేతబట్టుకుని వచ్చాడు. దొడ్లో ఎనుము లేదు.

"ఏమప్పా, నా ఎనుము ఏదీ?"

"రాత్రి ఎవరో తోలుకుపోయినారు. నాకేం తెలుసు?"

"తాళం నీ దగ్గరే కదప్పా ఉండేది?"

"దొంగమేత మేసిన ఎనుమే కదా. దానికింత యాగీ ఎందుకు?"

ఇక్కడ మీరు ఎవరి పక్షం? దొడ్డి కాపరి చెప్పిన మాట మీకు సమంజసంగా ఉందా? ఎనుము తప్పు చేసింది, ఒప్పుకుందాం. చేనుగలాయనకు నష్టం కట్టించాలి, అదీ ఒప్పుకుందాం. కానీ దొడ్లోకి తోలి గడియ పెట్టిన నిమిషం నుంచి ఆ పశువు మంచీ చెడ్డా ఎవరిది? తెల్లవాళ్ళు 1871లో చేసిన పశువుల బందె చట్టం కూడా ఈ మాటే అంది. దొడ్లో పెట్టిన పశువుకు మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి, అది దొడ్డి కాపరి బాధ్యత అంది. కట్టేసినవాడిదే పూచీ. పశువు విషయంలో మనకెవ్వరికీ అనుమానం రాదు. మనిషి విషయం వచ్చేసరికి మాత్రం "చేసింది తక్కువా? జైలుకెందుకు పోయినాడు మరి?" అంటాం. దొడ్డి కాపరి అన్న మాటే అది.

సరే, కథలోకి వద్దాం. ప్రాణానికి ముప్పు ఉన్నా తగిన కాపలా పెట్టలేదు, కాబట్టి నష్టపరిహారంగా పది లక్షల రూపాయలు ఇవ్వాలని ఆ కుటుంబం ప్రభుత్వం మీద దావా వేసింది. ప్రభుత్వం రెండు జవాబులు చెప్పింది. మొదటిది, దావా ఆలస్యంగా వేశారు, గడువు దాటిపోయింది అని. కింది కోర్టు ఆ మాట ఒప్పుకుని దావా కొట్టేసింది. రెండో జవాబే అసలైంది. జైలు నడపడం, పోలీసులను నడపడం రాజ్యం చేసే పని. సార్వభౌమాధికారంతో చేసే పని. అందులో పొరపాటు జరిగినా పరిహారం కట్టాల్సిన అవసరం రాజ్యానికి లేదు అని.

వినడానికి వింతగా ఉంది కదా? కానీ ఇది ఆ రోజు కోయిలకుంట్ల కోసం కొత్తగా అల్లిన వాదన కాదు. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. రాజు తప్పు చేయలేడు అనేది ఇంగ్లీషువాళ్ళ పాత సూత్రం. కోర్టులు రాజుగారివి. రాజుగారి కోర్టులో రాజుగారి మీద దావా ఎట్లా నడుస్తుంది? అక్కణ్ణుంచి వచ్చింది ఇదంతా. మన దేశంలో 1861లో కలకత్తాలో ఒక కేసు నడిచింది. కిద్దర్‌పూర్ ఓడరేవులో ప్రభుత్వ కూలీలు ఒక పెద్ద ఇనుప ముక్కను మోసుకుపోతున్నారు. దారిలో గుర్రబ్బండి వచ్చింది. వాళ్ళు ఇనుమును ధన్‌మని కింద పడేశారు. గుర్రం బెదిరింది, దెబ్బ తగిలింది. బండి ఒక ఓడల కంపెనీది. కంపెనీ దావా వేసింది, గెలిచింది. కోర్టు ఏమంది? ఓడలు బాగుచేయడం ఎవరైనా చేసే వ్యాపారమే, అందులో తప్పు జరిగితే ప్రభుత్వం పరిహారం కట్టాలి, రాజ్యాధికారంతో చేసే పనులైతే వేరు అంది. ఈ తేడా అక్కడ పాతుకుపోయింది. మన రాజ్యాంగం 300వ అధికరణం కూడా పాత లెక్కనే కొనసాగించింది.

గుర్రానికి పరిహారం వచ్చింది. ఇప్పుడు బంగారం సంగతి వినండి. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారిని అనుమానం మీద పట్టుకున్నారు. ఆయన దగ్గరున్న వంద తులాల పైచిలుకు బంగారం, దాంతో పాటు వెండి స్వాధీనం చేసుకున్నారు. తర్వాత ఆయన్ను వదిలేశారు. వెండి తిరిగిచ్చారు. బంగారం లేదు. స్టేషన్‌లో ఉన్న హెడ్ కానిస్టేబుల్ దాన్ని కాజేసి పాకిస్తాన్‌కు పారిపోయాడు. కస్తూరిలాల్ కేసు అంటారు దీన్ని. సుప్రీంకోర్టు దాకా వచ్చింది. పోలీసుల నిర్లక్ష్యం నిజమే, కానీ అరెస్టు చేయడం, సొత్తు పట్టుకోవడం రాజ్యాధికారంతో చేసే పని, కాబట్టి ప్రభుత్వం కట్టనక్కర్లేదు అని తీర్పొచ్చింది. చట్టం మార్చుకుంటే బాగుంటుందని మాత్రం న్యాయమూర్తులు చెప్పారు. అంతకుముందే, 1956లో, మన లా కమిషన్ ఇచ్చిన మొట్టమొదటి నివేదికే ఈ విషయం మీద. పార్లమెంటులో బిల్లు కూడా పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. ఇంకో తమాషా వినండి. ఇంగ్లండువాళ్ళు తమ దేశంలో ఈ మినహాయింపును 1947లోనే చాలావరకు ఎత్తేసుకున్నారు. వాళ్ళు వదిలేసిన చొక్కా మనం తొడుక్కుని తిరిగాం.

ఆళ్ళగడ్డ వైపు వాళ్ళకు ఈ మినహాయింపు సంగతి వింటే అహోబిలం గుర్తొచ్చి ఉంటుంది. హిరణ్యకశిపుడు అడిగిన వరం ఏమిటి? మనిషి చేతిలో చావు రాకూడదు, మృగం చేతిలో రాకూడదు. పగలు రాకూడదు, రాత్రి రాకూడదు. ఇంట్లో కాదు, బయటా కాదు. అన్ని తలుపులూ మూసేశాననుకున్నాడు. తనను అడిగే కోర్టు ఈ లోకంలో లేదనుకున్నాడు. అప్పుడు ఏం చేశాడు? తన చేతికింద ఉన్న కొడుకునే ఏనుగులతో తొక్కించాడు, విషం పెట్టించాడు, కొండ మీదినుంచి తోయించాడు. ప్రహ్లాదుడి కథను మనం భక్తి కథగానే చెప్పుకుంటాం. కానీ రాజు గుప్పిట్లో చిక్కిన, నోరు తప్ప ఇంకేమీ లేని ఒక పిల్లవాడి కథ కూడా అది. వరంలో రాసిన మాటలన్నీ నిలబడ్డాయి. ఒక్క అక్షరం తప్పలేదు. అయినా గడప మీద, సందెవేళ, లెక్క తేలింది.

ఇప్పుడు మీలో కొందరికి ఒక సందేహం వస్తుంది. ఇంగ్లీషువాళ్ళ సూత్రం సరే, మన పాతవాళ్ళు ఏమన్నారు? రాజు అంటే దేవుడి అంశ అన్నారు కదా, ఆయన్ను ఎవరడుగుతారు?

ఇది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం.

కౌటిల్యుడి అర్థశాస్త్రం చాలాకాలం ఎవరి చేతికీ అందలేదు. మైసూరులో శామశాస్త్రి గారికి తాళపత్ర ప్రతి దొరికి, ఆయన 1909లో అచ్చు వేయించారు. అందులో నాలుగో అధికరణం పేరు కంటకశోధనం. సమాజంలో ముళ్ళు ఏరివేయడం అని. దొంగలు, మోసగాళ్ళు, హంతకులు, వాళ్ళ శిక్షలు, అన్నీ అందులో ఉంటాయి. అదే అధికరణం తొమ్మిదో అధ్యాయంలో ముళ్ళ జాబితాలో అధికారులను కూడా చేర్చాడు కౌటిల్యుడు. నిర్బంధంలో ఉన్నవాడికి అన్నమో నీళ్ళో ఆపిన అధికారికి 96 పణాల జరిమానా. బాధపెట్టినవాడికి అంతకంటే పెద్ద జరిమానా. చంపితే 1000 పణాలు. ఆశ్చర్యంగా లేదూ? రెండు వేల ఏళ్ళ కిందటి పుస్తకం. లోపల ఉన్నవాడు ఏ నేరం చేశాడు అని అక్కడ అడగలేదు. కట్టేసినవాడిదే పూచీ అన్నాడు.

ఇంకా ఉంది. అదే అధికరణం చివర, శిక్షించకూడని మనిషిని రాజు శిక్షిస్తే రాజుకే జరిమానా అన్నాడు. మామూలు జరిమానా కాదు, ముప్పై రెట్లు. దొంగలు ఎత్తుకుపోయిన సొత్తును రాజు వెతికి ఇవ్వాలి, దొరక్కపోతే తన సొంత ధనం నుంచి ఇవ్వాలి అని కూడా కౌటిల్యుడు అన్నాడు. యాజ్ఞవల్క్యుడూ ఆ బాధ్యత రాజు మీదే పెట్టాడు. ఆ యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకునే మన కేతన 13వ శతాబ్దంలో తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు. తెలుగులో అంత పాత ధర్మశాస్త్ర గ్రంథం ఉందని మనం పిల్లలకు చెప్పం. అది వేరే బాధ. ఇక్కడ విషయం, పన్ను ఎందుకు కట్టాలి అన్నదానికి పాతవాళ్ళు చెప్పిన జవాబు. పంటలో ఆరోవంతు రాజుకు ఇస్తున్నాం. అది కూలి. ఎందుకు కూలి? కాపాడటానికి. కాపాడకపోతే కూలి ఎగ్గొట్టినట్టే కదా.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మీరు చప్పట్లు కొడతారు. మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసు అనుకుని రేడియో కట్టేస్తారు. కానీ నేను అక్కడ ఆపను. ఆపితే అన్యాయం.

తొమ్మిదో అధ్యాయం గురించి చెప్పాను. దాని ముందున్న ఎనిమిదో అధ్యాయం గురించి చెప్పలేదు. ఆ ఎనిమిదో అధ్యాయంలో ఏముంది? అనుమానితుణ్ణి ఎట్లా విచారించాలో ఉంది. కొరడా దెబ్బలు ఎన్ని, ఎట్లా వేలాడదీయాలి, ఏ ఏ పద్ధతుల్లో బాధపెట్టాలి, అన్నీ వరసగా ఉన్నాయి. అంటే అదే పుస్తకం, అదే అధికరణం, ఒక పేజీ తిప్పితే చిత్రహింసకు పద్ధతి రాసి ఉంది. ఇంకో పేజీ తిప్పితే ఖైదీని బాధపెట్టిన అధికారికి జరిమానా రాసి ఉంది. రెండూ కౌటిల్యుడే. ఒకటి తీసుకుని ఒకటి దాచేస్తే మనం చదువుతున్నది కౌటిల్యుణ్ణి కాదు, మన ఇష్టాన్ని.

ముప్పై రెట్ల జరిమానా సంగతి కూడా చూడండి. ఆ డబ్బు ఎవరికి పోతుంది? వరుణ దేవుడి పేరుతో నీళ్ళలో సమర్పించి, తర్వాత బ్రాహ్మణులకు ఇవ్వాలి అన్నాడు. రాజుకు పాపం పోతుంది. మరి ఉత్తపుణ్యానికి దెబ్బలు తిన్నవాడికి? ఆ జరిమానాలో వాడికి కాసు కూడా లేదు. మనుస్మృతిలో, మామూలు మనిషికి ఒక కార్షాపణం జరిమానా పడే తప్పుకు రాజుకు వెయ్యి వేయాలి అని ఉంది. బాగుంది. అదే మనుస్మృతిలో ఒకే తప్పుకు ఒక కులానికి ఒక శిక్ష, ఇంకో కులానికి ఇంకో శిక్ష కూడా ఉంది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో అంబేడ్కర్ సమక్షంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. ఊరికే తగలబెట్టలేదు.

మరి పాత పుస్తకాలు ఎందుకు చదవాలి? నా మటుకు నాకు ఒక్క ప్రయోజనం చాలు. ప్రభుత్వం వచ్చి "రాజ్యం తప్పు కట్టడం అనేది లోకంలో ఎక్కడా లేదు, అది రాజ్యం స్వభావానికే విరుద్ధం" అని చెప్తే, ఆ మాట అబద్ధం అని తేల్చడానికి ఆ పుస్తకాలు సాక్ష్యం. అంతవరకే. ఇవాళ మన హక్కు కౌటిల్యుడి దయ కాదు, యాజ్ఞవల్క్యుడి దయ కాదు. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం నుంచి వచ్చింది.

కోయిలకుంట్ల కేసులో జరిగింది కూడా అదే. హైకోర్టులో జస్టిస్ జీవన్ రెడ్డి ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణానికి రక్షణ ఇచ్చింది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ప్రాణం తీయడానికి వీల్లేదు అంది. అంత పెద్ద హక్కు ముందు, ఎప్పటి రాజుల కాలం నాటిదో ఒక మినహాయింపు నిలబడదు అని ఆ తీర్పు సారాంశం. గడువు దాటిందన్న మాట కూడా కొట్టేశారు. 1,44,000 రూపాయలు, దావా వేసిన రోజు నుంచి ఆరు శాతం వడ్డీతో కట్టమన్నారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2000వ సంవత్సరం ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. శిక్ష పడినవాడైనా, విచారణలో ఉన్నవాడైనా, జైల్లోకి పోయినంత మాత్రాన మనిషి కాకుండా పోడు, ప్రాథమిక హక్కులు గేటు దగ్గర వదిలేసి పోడు అని చెప్పింది.

బాంబులు పడింది 1977లో. చివరి తీర్పు 2000లో. ఇరవై మూడేళ్ళు. అడిగింది పది లక్షలు, వచ్చింది లక్షా నలభై నాలుగు వేలు, వడ్డీ. దీన్ని నేను గొప్ప విజయం అని మీకు అమ్మను. పలుకుబడి ఉన్న కుటుంబం కాబట్టి అంతకాలం నిలబడి పోరాడగలిగింది. కూలీనాలీ చేసుకునే ఇంట్లో అదే జరిగి ఉంటే కింది కోర్టు దావా కొట్టేసిన రోజే కథ ముగిసేది. కానీ ఆ తీర్పు ఇప్పుడు వాళ్ళ కుటుంబం ఒక్కదానిదే కాదు. రేపు ఏ పేదవాడి తరఫు లాయరైనా కోర్టులో లేచి ఆ కేసు పేరు చెప్పొచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మన సీమ గురించి మాట్లాడినట్టు కాదు. మన దగ్గర పగలు, ప్రతీకారాలు ఎంతమంది ప్రాణాలు తీశాయో మీకు నేను చెప్పక్కర్లేదు. "హంతకుడికి హక్కులేంది? మా ఇంటి మనిషిని చంపినోడికి జైల్లో కాపలా పెట్టాల్నా?" అని అడిగే ఆడబిడ్డ ఉంటుంది. ఆమె కడుపుమంట నిజం. ఆ మాటకు తేలిగ్గా జవాబు చెప్పేస్తే అది పాపం. నేను చెప్పగలిగింది ఇంతే. రిమాండులో ఉన్నవాడి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. రుజువు అయితే జడ్జి శిక్ష రాస్తాడు. తీర్పులో రాసిందే శిక్ష. రాయని దెబ్బ శిక్ష కాదు. రాయని చావు అసలే కాదు. జైల్లో శత్రువు దొరుకుతాడు అని తెలిసిన రోజు కోర్టుకు ఎవరు పోతారు? వాయిదా ఎప్పుడో కనుక్కోవడానికి పోతారు, అంతే. అప్పుడు ఆ ఆడబిడ్డకు కోర్టులో దక్కాల్సిన తీర్పు కూడా దక్కదు. వాళ్ళ ఇంట్లో రేపు ఇంకో శవం లేస్తుంది.

ఖైదీ హక్కుల మాట కోర్టుకు కొత్తేమీ కాదు. 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు, నక్సలైట్ కేసుల్లో ఉన్నవాళ్ళు, గోడల మీద పెట్టిన కరెంటు తీగ గురించి సుప్రీంకోర్టుకు పోయారు. శిక్ష పడినా ప్రాథమిక హక్కులన్నీ పోవు అని అప్పుడే కోర్టు చెప్పింది. అంటే కోయిలకుంట్ల తీర్పు గాల్లోంచి ఊడిపడలేదు. దారి పడుతూ వచ్చింది. మన రాష్ట్రంలోనే ఒక ఎరువుల వ్యాపారి సరుకును అధికారులు పట్టుకుని, తిరిగి ఇమ్మనేసరికి అది పాడైపోతే, 1994లో సుప్రీంకోర్టు ప్రభుత్వమే నష్టం కట్టాలంది. నాగేంద్రరావు కేసు అది.

కోయిలకుంట్లకు ఇంకో జ్ఞాపకం ఉంది. జైలు మీద బాంబులు పడటానికి 130 ఏళ్ళ ముందు, 1847 ఫిబ్రవరి 22న, అదే ఊళ్ళో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఉరితీశారు. అంతకుముందు ఏడాది జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. సినిమా మీరు చూసే ఉంటారు, నేను కథ చెప్పను. ఉరి తర్వాత జరిగింది చెప్తాను. ఆయన తలను కోటలో అందరికీ కనబడేలా వేలాడదీశారు. ఒక రోజు కాదు, నెల కాదు. 1877 దాకా. ముప్పై ఏళ్ళు.

చచ్చిపోయినవాడికి ఆ శిక్ష ఏం తెలుస్తుంది? అది చూసేవాళ్ళకు వేసిన శిక్ష. చూసి భయపడండి అని. కౌటిల్యుడు ఒకచోట శిక్షకు ఒక కొలత చెప్తాడు. మరీ కఠినంగా శిక్షించే రాజును జనం అసహ్యించుకుంటారు, మరీ మెతగ్గా ఉంటే లెక్కచేయరు, తగినంతగా శిక్షిస్తేనే గౌరవిస్తారు అని. కంపెనీవాళ్ళు ఆ పుస్తకం చదవలేదు. వాళ్ళ కాలానికి అది ఇంకా దొరకలేదు కదా. ముప్పై ఏళ్ళు తల చూసిన జనం భయం నేర్చుకోలేదు, పాట కట్టుకున్నారు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. ఒక ప్రభుత్వం వేలాడదీసిన మనిషి పేరును ఇంకో ప్రభుత్వం గుమ్మానికి రాసుకుంది. శిక్ష వేసే చేతికి చివరి మాట తనదే అనిపిస్తుంది. కాదు.

అయితే ఇవన్నీ విని మనం చేయాల్సిందేమిటి? మీ ఇంట్లో ఎవరినైనా, లేదా మీ వీధిలో ఎవరినైనా పోలీసులు తీసుకుపోయారనుకోండి. తప్పు చేశాడా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు ఇవి గుర్తుంచుకోండి. ఎందుకు తీసుకుపోతున్నారో ఆ మనిషికి చెప్పాలి. ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్ళకో, దగ్గరివాళ్ళకో తెలియజేయాలి. ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, ఇరవై నాలుగు గంటల లోపల మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. మళ్ళీ చెప్తున్నాను, ఇరవై నాలుగు గంటలు. ఇది పోలీసుల మంచితనం మీద ఆధారపడింది కాదు. రాజ్యాంగం 22వ అధికరణంలో రాసి ఉంది.

మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు చాలామంది తల వంచుకుని ఊరుకుంటారు. ఊరుకోకూడదు. దెబ్బలు తగిలి ఉంటే అక్కడే చెప్పాలి. ప్రాణానికి ముప్పు ఉంటే, ఫలానా వాళ్ళతో మాకు పగ ఉంది, ఫలానా జైల్లో నాకు భయంగా ఉంది అని అక్కడే చెప్పాలి. నోటితో చెప్పి వదిలేయకండి. కాగితం మీద రాయించండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఎందుకంటే తర్వాత "మాకెవరూ చెప్పలేదు" అన్న మాట వస్తుంది. ఆ మాటకు జవాబు ఆ కాగితమే.

లాయరుకు డబ్బులు లేవు అంటారు. నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ఆ మాట చెప్తోంది. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు కూడా ఆ చట్టం కింద ఉచిత సాయం ఉంది. నంద్యాలలో కోర్టు ఉంది, ఆళ్ళగడ్డలో ఉంది, కోయిలకుంట్లలో ఉంది. కోర్టు ఆవరణలోకి పోయి న్యాయ సేవల కమిటీ ఎక్కడ అని అడగండి, చూపిస్తారు. పోలేనివాళ్ళు ఫోన్ చేయొచ్చు. నంబరు రాసుకోండి. 15100. పెన్ను దొరకనివాళ్ళ కోసం ఇంకోసారి. ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా.